ముక్కు విరిగిన చిలక

మా ఊరి మునిసిపల్ చైర్మన్ గారి పదవి పోవడానికి కారణం నేనే అంటారు. నేను కాదు, నా గొప్ప.

మాది కలంకారీ అద్దకం పని. ఒకసారి మునిసిపాలిటీ సన్మానానికి శాలువా అద్దుతుంటే చిలక అచ్చుకి ముక్కు విరిగింది. అంచు పొడవునా చిలకలన్నీ ముక్కు లేకుండా పడ్డాయి. ఇది ఇవ్వనన్నాను. "దూరం నుంచి ఎవడు చూస్తాడు బావా" అంటూ చైర్మన్ గారు పట్టుకెళ్లిపోయారు. చుట్టరికం ఏమీ లేదు, ఓట్లప్పుడు కలిపిన వరస. వెళ్తూ వెళ్తూ నా బిల్లు పుస్తకంలో ఖాళీ బిల్లుల మీద సంతకాలు పెట్టిమ్మన్నారు. పెట్టాను. మా దగ్గర ఖాళీ బిల్లు అడిగితే లేదనడం, గుమ్మంలోకి వచ్చినవాళ్లకి మంచినీళ్లు లేవనడం ఒకటే. విరిగిన అచ్చుని మాత్రం ఆ రోజే పొయ్యిలో పెట్టాను.

ఆ తర్వాత ఊళ్లో సన్మానాలు పెరిగాయి. బళ్లో నాకు బొమ్మలు నేర్పిన డ్రాయింగు మాస్టారికీ ఒకటి జరిగింది. చల్లపల్లి నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సులో వచ్చారు. శాలువా కప్పారు, ఫోటో తీశారు. ఆయన మెట్లు దిగుతుంటే అటెండరు వెనకే వచ్చి, "ఫోటో అయిపోయింది కదండీ మాస్టారూ" అని చెయ్యి చాపాడు. మాస్టారు శాలువాని నీటుగా మడతపెట్టి ఇచ్చేశారు. నేను మూడో వరసలో కూర్చుని, చూడనట్టు ఊరుకున్నాను. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఎవరో ఫిర్యాదు చేస్తే బందరు నుంచి ఒక మేడమ్ గారు విచారణకి వచ్చారు. బల్ల మీద ఒక పక్క నా సంతకాలున్న బిల్లులు, ఒక్కొక్కటీ ఒక్కో కొత్త శాలువాకి. ఇంకో పక్క సన్మానాల ఫోటోలు. అందరి భుజాల మీదా ముక్కు లేని చిలకలే.

"అన్నీ వేరు వేరు శాలువాలేనండీ. మా బావ అద్దకమే అంత" అన్నారు చైర్మన్ గారు.

నేను తల ఊపితే చాలు, ఇద్దరం బయటపడతాం. ఊపబోయాను కూడా.

"అయితే మీరు అద్దే చిలకలకి ముక్కులుండవా?" అని ఆవిడ పెన్ను తీశారు.

నాకు కోపం నషాళానికంటింది. "ఎందుకుండవండీ! నలభయ్యేళ్ల నుంచి అద్దుతున్నాను. ముక్కు పోయింది ఆ ఒక్క శాలువాకేనండీ!"

చైర్మన్ గారు మంచినీళ్లు అడిగారు.

ఆయనకి పదవి పోయింది. నా మీదా కేసు పెట్టారు. శాలువాని సాక్ష్యం కింద సంచిలో పెట్టి సీలు వేశారు.

మొన్న కొత్త అచ్చుతో ఒక శాలువా అద్ది చల్లపల్లి వెళ్లాను. మాస్టారి భుజాల మీద కప్పాను. ఆయన అంచుని వేలితో తడిమి, "ముక్కులు బాగా కుదిరాయిరా" అన్నారు. కాఫీ తాగి, బయటికొచ్చి చెప్పులు వేసుకుంటున్నాను. మాస్టారు వెనకే గుమ్మం దాకా వచ్చారు. చేతిలో శాలువా నీటుగా మడతపెట్టి ఉంది.

"ఇదిగోరా, మర్చిపోయి వెళ్తున్నావు" అన్నారు.