నడిసముద్రంలో బతుకమ్మ

రేవు వదిలాక మళ్ళీ రేవు తగిలేదాకా ఓడలో రోజులకు పేర్లుండవు. ఆదివారమైనా బుధవారమైనా అదే పని. పొద్దున్నే ప్రయాణికుల గదుల్లో పక్కలు సర్దాలి, బాత్‌రూం అద్దాలు తళతళలాడేలా తుడవాలి, తువ్వాలును మడిచి ఏనుగునో కోతినో చేసి మంచం మీద కూర్చోబెట్టాలి. పెద్ద పెద్ద కంపెనీలు నడిపి రిటైరైన దొరలు కూడా ఆ తువ్వాలు కోతిని ఒళ్ళో పెట్టుకుని ఫొటోలు దిగేవారు. పడమటికి పోతున్నకొద్దీ గడియారం వెనక్కి తిప్పమనేవారు. అలా కలిసొచ్చిన గంటలో ప్రయాణికులు డాన్సులు చేసేవారు. మాకు మాత్రం చాకిరీ ఇంకో గంట సాగేది.

సముద్రం మీద ఉద్యోగమని మా చుట్టాలందరికీ కడుపుమంట. నిజానికి మేముండే గది నీటిమట్టానికి దిగువన ఉండేది. కిటికీ లేదు. గోడ అవతల సముద్రం ఉందని చప్పుడును బట్టి నమ్మేదాన్ని.

ఆ గదిలో ఒకదాని మీద ఒకటి రెండు మంచాలు. పైది నాది, కిందిది సరూర్‌నగర్ అమ్మాయిది. మా వాళ్ళు కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డారు. వాళ్ళది తాతల నాటి నుంచీ సరూర్‌నగర్‌లోనే పొలాలున్న ఇల్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ లేని విద్య లేదు కాబట్టి ఓడ ఉద్యోగాలకూ ఒక కోచింగ్ ఉండేది. ఇద్దరం అక్కడే చదివాం. తెలంగాణ ఉద్యమం రోజులవి. నోట్స్ అడిగితే ఇచ్చుకునేవాళ్ళం గానీ టీకి మాత్రం ఎవరి గుంపుతో వాళ్ళం పోయేవాళ్ళం. నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న పిల్లతో స్నేహం చేయడానికి నేను అట్లాంటిక్ దాకా పోవాల్సొచ్చింది.

ఓడ మొత్తం మీద తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. కబుర్లకైనా కొట్లాటకైనా వేరే దిక్కు లేదు. ఇద్దరి దగ్గరా చెరో ఆవకాయ సీసా ఉండేది. "మీ దాంట్ల ఆవపిండి తప్ప ఏమన్న ఉన్నదా?" అని తను అడిగేది. "మీ దాంట్లో అల్లం తీసేస్తే ఏమన్నా మిగుల్తుందా?" అని నేననేదాన్ని. వాదన తెగేలోపు రెండు సీసాలూ సగమయ్యాయి.

అలాంటి పిల్ల, రేవులో ఇంటికి ఫోన్ చేసి వచ్చిన రోజు నుంచీ ముభావంగా ఉండిపోయింది. అడగ్గా అడగ్గా చెప్పింది.

"ఎల్బీ నగర్ చౌరస్తాల మా అన్న తెలంగాణ కోసం ధర్నాల కూసున్నడంట. మా అమ్మ గూడ రోడ్డు మీదనే పొయ్యి పెట్టి వండి పెడుతున్నదంట. నేనేమో ఈడ అద్దాలు తుడుస్తున్న. వచ్చే రేవుల దిగి ఇంటికి పోత."

మా పనులు చూసే ఫిలిప్పీన్స్ ఆవిడకు కూడా అదే చెప్పేసింది. రేవు వచ్చేదాకా ఆలోచించుకోమంది ఆవిడ. ఈ పిల్ల దిగిపోతే ఇన్ని వేలమంది మధ్య నేను ఒంటరిదాన్నైపోతాను. నాకు బెంగ పట్టుకుంది.

అప్పుడు బతుకమ్మ రోజులు. పండగేదో ఇక్కడే చేసేస్తే మనసు నిలబడుతుందేమోనని ఒక ఎత్తు వేశాను. భోజనాల హాల్లో వాడిపోయాయని తీసేసిన పూలు అడిగి తెచ్చాను. గులాబీలూ చామంతులూ, పేరు తెలియని విదేశీ పూలూ ఉన్నాయి. "తంగేడు లేదు, గునుగు లేదు, గిదేం బతుకమ్మనే?" అని గొణుగుతూనే పళ్ళెంలో వరసలు పేర్చడం మొదలుపెట్టింది. వంటింటి పసుపుతో గౌరమ్మను చేసి పైన పెట్టింది. మెస్ అన్నంలో పెరుగు కలిపి నేను ప్రసాదం చేశాను.

మధ్యాహ్నం విరామంలో సిబ్బంది డెక్కు మీద ఆడాం. ఇద్దరే గుండ్రంగా తిరగడమంటే ఒకరినొకరు తరుముకోవడమే. తను పాడితే నేను వంత పాడాను.

"నీకెట్ల ఒచ్చే గీ పాట?" అని ఆగిపోయింది.

"ఏటా మా డాబా కిందే కదా ఆడేది. చెవులు మూసుకుంటామా?"

తను నవ్వి చాలా రోజులైంది. ఆ మధ్యాహ్నం నవ్వింది.

ఆట అయ్యాక పళ్ళెం ఎత్తుకుని సరాసరి డెక్కు అంచు కటకటాల వైపు నడిచింది. నేను వెనకే పరిగెత్తాను. ఓడ మీంచి సముద్రంలోకి పుల్ల వేసినా ఉద్యోగం ఊడుతుంది. మొదటి రోజు చెప్పిన మొదటి రూలే అది. బతుకమ్మ ఏమో నీళ్ళలో కలవాల్సిన పండుగ.

"ఎట్లనన్న దిగిపోతున్న. నన్నేం జేస్తరు? నువ్వు లోపటికి పో, కెమెరాల పడకు" అంది.

"ఒక్కదానివే సాగనంపుతావా? మీ చెరువు దగ్గర ఎవరైనా అలా చేశారా?"

"ఆడ నౌకరి పోదు గద."

"పోతే పోయింది." ధైర్యంగానే అని పళ్ళేనికి ఓ చెయ్యి వేశాను.

తను సముద్రం వంక చూసింది, నా వంక చూసింది. పళ్ళెం కటకటాల మీద ఆనించింది. "నీ నౌకరి ఊడగొట్టి మీ అమ్మకు నా మొఖం ఎట్ల చూపియ్యాలె?" అని వెనక్కి తిరిగింది. చుట్టూ కనుచూపు మేరా నీళ్ళుండగా మా బతుకమ్మ మెట్లు దిగి లాండ్రీలోకి వెళ్ళింది.

దుప్పట్లు నానబెట్టే స్టీలు తొట్టి నింపి అందులో వదిలాం. ఓడ ఊగుతుంటే నీళ్ళూ ఊగాయి, పూలూ ఊగాయి. గౌరమ్మ పసుపు తీసి నా చెంపలకు రాసింది. "ఇస్తినమ్మ వాయినం" అని పెరుగన్నం గిన్నె నా చేతిలో పెట్టింది. "పుచ్చుకుంటినమ్మ వాయినం" అన్నాను. ఆ మాట మా ఇంట్లోనూ ఉంది. మళ్ళీ నేనిచ్చాను, తను పుచ్చుకుంది.

నా ఎత్తు పారలేదు. రేవు రాగానే దిగిపోయింది. ఆవకాయ సీసా నాకే వదిలేసింది. నేను ఆ రోజంతా ఏడుస్తూనే పక్కలు సర్దాను.

తర్వాతి రేవులో ఇంటికి ఫోన్ చేశాను. హలో అనకముందే అమ్మ అందుకుంది.

"నిన్న ఇక్కడ బందే. గేటుకు తాళం వేసుకుని లోపల కూర్చున్నాం. ఎవరో పిల్ల గేటు కొట్టింది. మెళ్ళో ఉద్యమం కండువా ఉంది. బస్సుల్లేవుగా, ఎల్బీ నగర్ నుంచి ఎండలో నడిచొచ్చిందట. భయపడుతూనే తీసి, తను లోపలికి రాగానే మళ్ళీ తాళం వేశాను. 'అమ్మా, మీ బిడ్డ మంచిగున్నది, ఫికర్ చెయ్యకుండ్రి' అంది. అన్నం పెడితే తింది. నువ్వక్కడ పాట కూడా పాడావటగా?"

ఊఁ అన్నాను.

"వెళ్తూ వెళ్తూ, ఈ తాళం ఎందుకమ్మా అనడిగింది."

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను, తీసేశాను. మళ్ళీ వెయ్యలేదు."