మూడుసార్లు అడిగిన పిన్ని

జర్మనీలో మా పిన్ని పోయారని పోయిన మంగళవారం తెలిసింది. తెనాలిలో నేను పనిచేసే బడిలో మధ్యాహ్నం బెల్లు కొట్టారు. స్టాఫ్ రూములో క్యారేజీ విప్పుతుంటే ఆవిడ భర్త ఫోన్ చేశారు. "తెల్లవారుజామున పోయింది" అన్నారు. సగం విప్పిన క్యారేజీ మళ్ళీ బిగించేశాను. పక్కనున్న టీచరు "ఏంటండీ, ఎవరికేమైంది?" అని అడిగితే "మా పిన్ని పోయారండి" అన్నాను. ఏ ఊరని అడిగారు. చెబితే నమ్మలేదు.

నిజానికి ఆవిడ నాకు ఏ వరసా కాదు. డిగ్రీ అయ్యాక, మా చర్చి తరపున అక్కడి ఒక వృద్ధాశ్రమంలో ఏడాది సేవ చేయడానికి వెళ్ళాను. నన్ను ఇంట్లో పెట్టుకున్నది ఈ దంపతులే. మొదటిరోజే తనను పేరు పెట్టి పిలవమన్నారు. అమ్మ ఈడు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. రెండు వారాలు ఏమీ పిలవకుండా, ఎదురుగా వెళ్ళి నిలబడి, ఆవిడ తలెత్తి చూశాకే మాట్లాడేదాన్ని. చివరికి పిన్ని అన్నాను. అమ్మ చెల్లెలని అర్థం చెబితే ఆవిడకు తెగ నచ్చేసింది. దాంతో ఆయన బాబాయి అయ్యారు.

మొదటి మూడు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ దిగులేస్తుంది. చలికాలం, నాలుగింటికే చీకటి. వీధిలో మనిషి కనపడడు, కనపడినా పలకరించడు. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు ఏ స్టేషన్ తర్వాత ఏ స్టేషన్లో ఆగుతుందో ఒక్కదాన్నే పైకి చెప్పుకునేదాన్ని, తెలుగు మాట నా చెవిన పడుతుందని.

దానికి తోడు ఆకలి. మా వైపు ఎవరైనా పెడతామంటే ముందు వద్దనాలి కదా. బాపట్లలో మా పెద్దమ్మ అయితే, "చాలు పెద్దమ్మా" అని చెయ్యి అడ్డం పెట్టినా "ఊరుకోవే, ఎండిపోయావు" అంటూ చెయ్యి తప్పించి మరీ వడ్డిస్తుంది. అలా పెరిగిన నేను అక్కడ "ఇంకొంచెం పెట్టనా?" అంటే "వద్దండి" అన్నాను. పిన్ని గిన్నె తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేశారు. రెండోమాట లేదు. నా ప్రాణం ఉసూరుమంది. రోజూ ఇదే తంతు. రేపల్లె నుంచి అమ్మ ఫోన్ చేసి "ఏం తిన్నావే? కడుపునిండా పెడుతున్నారా?" అంటే "పెడుతున్నారమ్మా" అనేదాన్ని. ఫోన్ పెట్టేసి వాళ్ళను పిసినారులని మనసులో తిట్టుకునేదాన్ని. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళిద్దరూ నడకకు వెళ్ళారు. ఫ్రిజ్‌లోంచి ఉడికించిన బంగాళదుంపలు తీసి, అమ్మ ఇచ్చిన కారప్పొడి చల్లుకుని నిలబడే తింటున్నాను. వాన మొదలైందని వాళ్ళు వెనక్కి వచ్చేశారు. దొంగలా దొరికిపోయి భోరుమన్నాను. పిన్ని కోప్పడలేదు గాని బాగా నొచ్చుకున్నారు.

"నేను అడిగాను. నువ్వే వద్దన్నావు."

మా దగ్గర మర్యాద ఇదని వెక్కుతూనే చెప్పాను.

"మరి ఎన్నోసారి అవునంటారు?"

"మూడోసారి."

ఆవిడ నన్ను కూర్చోబెట్టి, దుంపలు వేడిచేసి ముందు పెట్టారు. "ఏడువు, కానీ తింటూ ఏడువు" అన్నారు.

మర్నాటి నుంచి "కావాలా, కావాలా, కావాలా?" అని గుక్కతిప్పుకోకుండా మూడుసార్లు అడిగి నా మొహంలోకి చూసేవారు. బాబాయి నవ్వాపుకోలేక చెంచా కింద పెట్టేసేవారు. పోనుపోను పద్ధతి పట్టుబడింది. ఒకసారి అడిగి, కాసేపు వేరే సంగతులు మాట్లాడి, మళ్ళీ అడిగేవారు. తిండి గురించే కాదు. ఇల్లు గుర్తొస్తోందా అంటే "లేదు పిన్నీ" అనేదాన్ని. ఆవిడ స్వెటర్ అల్లుకుంటూ ఉండి మళ్ళీ అడిగేవారు. మూడోసారికి నిజం చెప్పేదాన్ని. నా దిగులు గురించి మూడుసార్లు అడిగిన మనిషి నాకు ఇంకొకరు లేరు.

తిరిగి వచ్చేశాక కూడా నెలకోసారి మాట్లాడుకునేవాళ్ళం. కిందటేడు ఆవిడకు జబ్బు చేసిందని తెలిసి "నేను రానా పిన్నీ? ఎలాగూ వేసవి సెలవులే" అన్నాను. "వద్దు, అంత దూరం ఎందుకు?" అన్నారు. సరేనన్నాను. వాళ్ళు వద్దంటే వద్దనే. ఆ సంగతి కడుపు మాడ్చుకుని మరీ నేర్చుకున్నదాన్ని.

మొన్న ఆదివారం బాబాయికి మళ్ళీ ఫోన్ చేశాను. మాటల మధ్య, నిష్ఠూరంగా కాదు, మామూలుగానే చెప్పారు. కిందటేడు నేను రానా అని అడిగి ఫోన్ పెట్టేశాక, ఫోను ఇటివ్వమని తనడిగితే పిన్ని ఇవ్వలేదట. "ఆగండి, ఇంకా రెండుసార్లు అడుగుతుంది" అన్నారట. అప్పట్లో నేనున్న గదిలో మంచం మీద ఉతికిన దుప్పటి పరిపించి, ఫోను ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రందాకా అలాగే కూర్చున్నారట.