అక్క ఒక్కపొద్దులు

నా చిన్నప్పుడు, నిజాంసాగర్ కాలువ నీళ్లు బాన్సువాడ పక్కనున్న మా ఊరి పొలాలకు కొత్తగా పారుతున్న రోజుల్లో, మా ఇల్లంతా ఒక్క కబురు కోసం ఎదురుచూసేది. మా అక్కకు పదహారు నిండినా ఇంకా పెద్దమనిషి కాలేదు. పెళ్లి మాత్రం చిన్నతనంలోనే అయిపోయింది. చెరకు గానుగలు ఆగేలోగా కాపురానికి పంపకపోతే కొడుక్కి ఇంకో పిల్లను తెస్తామని మద్నూరు నుంచి అత్తవారు చెప్పి పంపారు.

అమ్మకు భయం పట్టుకుంది. ఎవరు ఏ వారం చెబితే ఆ వారం అక్కను ఒక్కపొద్దు ఉంచేది. మిగిలిన రోజుల్లోనూ నాన్న, అన్నలు, నేను తిన్నాక మిగిలిందే అక్కకు. అది తప్పని ఎవరికీ తోచలేదు. బెల్లం కాగే వాసన మంచుతో కలిసి ఊరంతా పరుచుకున్న ఆ పొద్దుటిపూటల్లో అక్క కళ్లు మూసుకుని దండం పెడుతుంటే, గాలికి ఎగిరిపోతుందేమోనని నేను ఆమె కొంగు పట్టుకుని నిలబడేదాన్ని.

ఒకనాడు అమ్మకు మా అందరి పురుళ్లూ పోసిన మంత్రసాని అవ్వ వచ్చింది. అక్క చెయ్యి పైకెత్తి చూసింది. గాజులు మోచేతి దాకా జారాయి.

"ఒక్కపొద్దులు చాలన్నది పోచమ్మ. ఇగ ఏడాది దాక ఇంట్ల తొలి ముద్ద గీ పిల్లకే. నువ్వులు, బెల్లం, నెయ్యి పెట్టాలె. మొగోళ్లు ఆమె తిన్నంకనే," అంది.

"అవి పెద్దమనిషైనంక పెట్టేటియి గద అవ్వా?" అంది అమ్మ.

"ముందుగాల పెట్టమన్నది తల్లి."

నాన్న నెయ్యి గిన్నె తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. వాకిలి దాకా వెంట వెళ్లి, పోచమ్మ నీతో ఎప్పుడు మాట్లాడిందని అవ్వను అడిగాను.

"మాట్లాడలే బిడ్డా. తిండి పెట్టుమంటే ఇనరు, మొక్కంటే ఇంటరు. పోయినేడు మీ అక్కను చలిజ్వరం పీల్చేసింది, ఇప్పుడు గీ ఉపాసాలు. మీ అమ్మ గూడ ఆలస్యంగనే అయింది. మీరంత పుట్టలేదా?"

గానుగలు ఆగిపోయాయి. అక్క పెద్దమనిషి కాలేదు. మద్నూరు వాళ్లు రానే వచ్చారు. ఏడాది మొక్కు నడుమ ఉందని, తీరేదాకా పంపలేమని అమ్మ చెప్పింది. పోచమ్మ మాట కాదనే ధైర్యం వాళ్లకూ లేదు. నాట్లు పడే వేళకు గాజులు మణికట్టు దగ్గరే ఆగడం మొదలైంది. ఆ వానల్లోనే మేం ఎదురుచూసిన కబురు వచ్చింది. అమ్మ అక్కను పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. అక్క మద్నూరు కాపురానికి వెళ్లింది. తర్వాత ముగ్గురు పిల్లలు.

ఇప్పటికీ మా ఇంట్లో తొలి ముద్ద ఆడపిల్ల పళ్లెంలోనే పడుతుంది. ఎందుకని మనవరాలు అడిగితే పోచమ్మ మొక్కు అంటాను. ఏడాది మొక్కే, ఇంకా తీరలేదు.