నాయన తిప్పిన పేజీలు

పొద్దున మా ఆవిడ ఆమ్లెట్‌కు గుడ్డు పగలగొడితే, ఆ పచ్చి వాసనకు నాకో రాక్షసుడు గుర్తొచ్చాడు. నవ్వకండి. మన ఈడువాళ్లలో చెయ్యి విరిగి పుత్తూరులో కట్టు కట్టించుకున్నవాళ్లకు తెలుసు, గుడ్డుసొన, ఆకుపసరు కలిసిన ఆ వాసన ఎన్ని వారాలు వదలదో!

చిన్నప్పుడు నాకు విరిగింది కుడిచెయ్యి. (ఎలాగో అడగొద్దు, అందులో ఒక మేక కూడా ఉంది.) అద్దెకు తెచ్చుకున్న లావుపాటి మాయల నవలను ఒంటిచేత్తో పట్టుకోలేక అవస్థ పడుతుంటే, చదువురాని మా నాయన ఎదురుగా కూర్చుని పట్టుకున్నాడు. నా కళ్లు పేజీ అడుగుకు రాగానే తిప్పేవాడు. రెండోరోజు, "నువ్వొకడివే నవ్వుకుంటే ఎట్లరా? గట్టిగా సదువు," అన్నాడు.

రాకుమారుడు రాక్షసుడి కోట తలుపు దాకా వచ్చేసరికి కట్టు విప్పే రోజొచ్చింది.

"ఎముక అతుక్కునిందప్పా," అన్నాడు వైద్యుడు.

నాయన నసిగాడు. "ఇంకో వారం ఉండనీ సామీ."

"ఏం, నొప్పి ఉండాదా?"

"నొప్పి లేదు. ఆ పిల్లోడింకా కోటలోకి పోలేదు."

వైద్యుడు ఏమీ అర్థం కాకపోయినా కట్టు విప్పేశాడు. తిరుగు బస్సులో నాయన కట్టు లేని నా చేతికేసే చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే పుస్తకం తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. "నువ్వే పట్టుకో నాయనా. నువ్వు తిప్పితేనే నాకు సదవబుద్ధవుతుంది."

నాయన తుండుగుడ్డతో రెండు చేతులూ తుడుచుకుని పుస్తకం నావైపు తెరిచాడు.