తూకం గుండు ముందు పంకజాక్షి

ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు పంకజాక్షి కుడి పిడికిలి బిగించి గాలిని ఒక్కసారి కిందికి లాగేది. సొంత ఊరు నగరిలో ఆమె పదో ఏట మగ్గం ఎక్కింది. తాడు లాగితే నూలు కండె ఉన్న నాడె పడుగు దారాల మధ్య పరిగెత్తుతుంది. రోజుకు కొన్ని వేలసార్లు. తాడు లేనప్పుడు కూడా చెయ్యి ఆ పని మానలేదు.

1979లో ఆమె తిరుపతిలో వ్యాయామ విద్య చదువుతోంది. డ్రిల్లు టీచరు కావాలని ఆమె కోరిక. ఆటలకన్నా ఆమెకు మనిషి కదలికల పాఠం ఇష్టం. ఏ కీలు ఎటు తిరుగుతుంది, ఏ కండ బిగిస్తే ఏ ఎముక లేస్తుంది. పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. బొమ్మల్లోని కదలికలు మాత్రం ఆమెకు మగ్గం మీదే తెలుసు.

ఒక శనివారం నిలబడే తీరు చూసే పరీక్ష పెట్టారు. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే తూకం గుండును దూలానికి వేలాడదీసి, ఒక్కొక్కరినీ దాని వెనక నిలబెట్టారు. పంకజాక్షి కుడి భుజం అంగుళం పల్లంగా ఉంది.

“లోపం అని రాసుకో,” అన్నాడు లెక్చరర్ కృష్ణమూర్తి.

“లోపం కాదు సార్. మగ్గం.”

“మగ్గమో ముగ్గో, వంకర వంకరే. నువ్వే ఇట్లుంటే పిల్లోళ్లకి నిటారుగా నిలబడమని యాడ చెప్తావమ్మా?”

తరగతి నవ్వింది. ఆమె రికార్డులో కొలత రాసింది. కారణం అన్నచోట ‘పని’ అని రాసింది. కృష్ణమూర్తి సంతకం చెయ్యలేదు. సంతకం లేకపోతే ఏడాది చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. సోమవారానికి మార్చి తెమ్మన్నాడు.

ఆ సాయంత్రం ఆమె నగరి బస్సెక్కింది. ఆదివారం ఇంటి వసారా దూలానికి దారం కట్టి, కొసకు రాయి కట్టింది. వీధిలోని నేతవాళ్లను ఒక్కొక్కరినే పిలిచింది.

“నన్ను కొలిసి ఏం జేస్తావు మే? పాడె కడతావా?” అన్నాడు పక్కింటి ముసలి నేతగాడు చిన్నబ్బ.

“కదలకుండా నిలబడు మామా.”

“నలబై ఏండ్లు కదిలినోణ్ణి. ఒక్క నిమిషం నిలబడలేనా?”

తల్లి వరదమ్మ అందరికన్నా చివర వచ్చింది. “ఆ సారు రాయమన్నట్టే రాసెయ్ గూడదా? ఒక మాటే గదా.”

“ఆ మాట నీ భుజానికీ తగులుతాదమ్మా.”

వరదమ్మ దారం వెనక నిలబడింది.

మొత్తం ఇరవై ముగ్గురు. ఇరవై ఒక్కరికి కుడి భుజం పల్లం. ఎడమచేత్తో తాడు లాగే ఇద్దరికి ఎడమది.

మరుసటి పొద్దున ఆమె మొదటి బస్సుకు తిరుపతి వచ్చింది. కృష్ణమూర్తి బల్ల మీద రికార్డు తెరిచి పెట్టింది. మొదట రాసింది ఏదీ మార్చలేదు. దాని కింద ఇరవై మూడు పేర్లు, ఇరవై మూడు కొలతలు.

“అందరికీ లోపమని రాయాలంటే మీరే రాయండి సార్. నేను రాయను,” అని కలం మూత తీసి ఆయన ముందు పెట్టింది.

కృష్ణమూర్తి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు, సంతకం కోసం నిలబడే ఉంది.