మంత్రిగారికి లేచి నిలబడ్డాను

పరాయి దేశంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, సెంగ్‌కాంగ్ వెళ్ళే ట్రైన్‌లో పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన తనది కెనడా అన్నాడు. ఏం చేసేవారని అడిగాను.

"మా రాష్ట్రంలో మంత్రిగా చేశాను."

మనది గుంటూరు బుద్ధి కదా, ఠక్కున లేచి నిలబడ్డాను.

"మీరు ఇక్కడ దిగాలా?" అన్నాడు.

"లేదండీ. మీరు మంత్రిగారు కదా!"

ఆయన నవ్వి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "మూడుసార్లు గెలిచాను. మంత్రినయ్యాక నేను వెళ్తే అందరూ లేచేవాళ్ళు. రోడ్లు బాగున్నాయి, ఆస్పత్రులు బాగున్నాయి అనేవాళ్ళు. లేచినవాళ్ళెవరూ నిజం చెప్పలేదని ఓడిపోయాకే తెలిసింది."

తర్వాతి స్టేషన్లో దిగిపోయాడు.

ఇప్పుడు నేను ఇక్కడి సైన్స్ పార్క్‌లో ఒక కంపెనీలో మేనేజర్ని. నన్ను చూడగానే టీమ్‌లో మనవాళ్ళు లేచి నిలబడతారు.

"కూర్చోండి బాబూ," అంటాను. "ఇంతకీ ఏం పాడైంది?"