పేరు విరిగిపోయిన వీరగల్లు

2018 జనవరిలో కేతేపల్లి మండలంలోని ఒక చిన్న ఊరికి పని మీద వెళ్లాను. నాది పాత శాసనాలకు ఎస్టాంపేజ్ తీసే ఉద్యోగం. రాతి మీది అక్షరాలను కాగితం మీదికి అచ్చుగా తీసుకోవడాన్ని ఎస్టాంపేజ్ అంటారు. రాయిని శుభ్రంగా కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొడితే కాగితం అక్షరాల గాడుల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే కాగితమంతా నల్లగా, అక్షరాలు మాత్రం తెల్లగా తేలతాయి.

ఆ ఊరి పొలాల్లో ఒక వీరగల్లు ఉంది. యుద్ధంలోనో, దొంగలతో పోరాడో చనిపోయిన వాళ్ల కోసం నిలిపే రాయి అది. పదిహేడో శతాబ్దానిది కావచ్చని మా అంచనా. ఊరివాళ్లు దాన్ని వీరయ్య అని పిలుస్తారు. ఒకే ఇంటి మగవాళ్లు తరతరాలుగా దానికి నూనె, కుంకుమ పెడుతున్నారు. ఆడవాళ్లు ముట్టకూడదు. రాయి చుట్టూ వేసిన ముళ్లకంచె బయట నిలబడి దండం పెట్టుకోవాలి.

ఆ ఇంటి పెద్దకొడుకు సాయిలుకు నలభై ఏళ్లుంటాయి. నన్ను చూసి ఇబ్బంది పడ్డాడు. మగవాళ్లెవరూ రాలేదా అని అడిగాడు. నేనే తీయాలని చెప్పి కాగితాలు చూపించాను. కాసేపు ఆలోచించి, ఊళ్లోని పెద్దమనుషులతో మాట్లాడి వచ్చాడు. సర్కారు పని కాబట్టి తప్పు లేదన్నారట. ఆ తర్వాత తనే నీళ్లు మోసుకొచ్చాడు. ఏళ్ల తరబడి పేరుకున్న నూనె జిడ్డును ఇద్దరం కలిసి మెల్లగా వదిలించాం.

బొమ్మ బయటపడింది. తలపాగా, కుడిచేతిలో కత్తి, మోకాళ్ల దాకా బిగించిన పంచె. మగ వీరుడు అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

పొద్దున్నుంచీ కంచె అవతల ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె ఎల్లమ్మ, సాయిలుకు మేనత్త. భర్త పోయాక పుట్టింటికే వచ్చి ఉంటోంది. అక్షరాల మీద మిగిలిన జిడ్డు నానుతుండగా నేను చాయ్ తాగడానికి కంచె దగ్గరికి వెళ్లాను. ఆమె నా ప్యాంటు, షర్టు వైపు చూసి, ఇంట్లో ఏమీ అనరా అని అడిగింది. పనికి ఇదే వీలుగా ఉంటుందన్నాను. నవ్వింది. తర్వాత తన సంగతి చెప్పింది.

ఆమె పుట్టాక పన్నెండేళ్ల దాకా ఆ ఇంట్లో మగపిల్లలు పుట్టలేదట. తండ్రి ఆమెకు జుట్టు కత్తిరించి, ధోతి కట్టి, ఎల్లయ్య అని పిలిచేవాడట. నాగలి వెంట నడిచింది, రాత్రిళ్లు చేను కాసింది, తండ్రితో వచ్చి రోజూ ఈ రాయికి నూనె పెట్టింది. తర్వాత తమ్ముడు పుట్టాడు. అదే ఏడు ఆమె పెద్దమనిషి అయింది.

“ధోతి ఇప్పి లంగ కట్టిన్రు. గా పొద్దే నన్ను కంచె బయటికి పంపిన్రు,” అంది ఎల్లమ్మ. “మళ్ల ముట్టలే. గిన్నేండ్లాయె, చేతులకు గా రాయి సల్లదనం యాదికొస్తనే ఉంటది.”

నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుంది. “బిడ్డా, జర చేతికాడ చూడు. నూనె రాసేటప్పుడు గాజుల లెక్క తగిలేది. నాయినకు చెప్తే నోరు మూస్కొమ్మన్నడు.”

వెళ్లి చూశాను. కత్తి పట్టిన మణికట్టు మీద మూడు సన్నని గీతలున్నాయి. మగవాళ్లు వేసుకునే కడియాలు కూడా కావచ్చు. ఏదీ తేల్చుకోలేక కాగితం పరిచి పనిలో పడ్డాను.

మధ్యాహ్నానికి కాగితం ఆరింది. రాయి మీది నుంచి ఒలిచి ఎండకు పట్టి చదివాను. మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడిన ఒక మనిషి చనిపోయాడు. అతని చెల్లెలు అన్న బట్టలు కట్టి, అన్న పాగా చుట్టుకుని, కత్తి పట్టుకుని వెంటపడింది. మందను మళ్లించి తనూ ప్రాణం విడిచింది. మూడో వరుసలో ‘కూంతురు’, అంటే కూతురు, అన్న మాట ఆనాటి రాతలో స్పష్టంగా ఉంది. దాని తర్వాత ఆమె పేరు ఉండాలి. సరిగ్గా అక్కడే రాయి పెచ్చు లేచిపోయింది.

సాయిలుకు చదివి వినిపించాను. ఊళ్లో చెప్పకుండా ఉంటే మంచిదేమో అన్నాడు. తాతల నాటి నుంచి వీరయ్య అనే మొక్కుతున్నామని, జనం ఏమంటారోనని భయపడ్డాడు. ఉన్నది ఉన్నట్టు రాయడమే నా పని అని చెప్పాను. అతను రాయి వైపు చూస్తూ, “రాయుండ్రి మేడం. దాని మీదున్న ముచ్చటను నేనెట్ల కాదంట?” అన్నాడు.

కాగితం తీసుకుని కంచె దగ్గరికి వెళ్లాను. ఎల్లమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. “రాయిని ముట్టొద్దన్నరు గని, కాయితాన్ని ముట్టొద్దనలే గద,” అంది. ఆమెకు చదువు రాదు. వేలు పట్టుకుని ‘కూంతురు’ మీద పెట్టాను. ఒక్కో అక్షరం మీద ఆగుతూ నడిపింది. వేలికి సిరా అంటింది.

“పేరేంది?” అని అడిగింది. విరిగిపోయిందని చెప్పాను. “గంత చేసినామెకు పేరు లేకపాయెనా?” అని కాగితం నాకిచ్చేసింది.

సాయిలు వచ్చి కంచెలోని ముళ్లకంప పక్కకు లాగాడు. “అత్తా, రా. నువ్వే నూనె పెట్టు,” అన్నాడు. ఎల్లమ్మ లేచి నిలబడింది. ఒక అడుగు వేసింది కూడా. అంతలోనే ఆగిపోయింది.

“పేరు దొరకనీ. గప్పుడొస్త. వీరయ్య అని పిల్వలేను, ఏమని పిలుస్త మరి?” అంది.

పేరు కోసం నేను మళ్లీ రెండుసార్లు ఆ ఊరు వెళ్లాను. ఉదయపు ఏటవాలు ఎండలో అరిగిన గీతలు కూడా నీడ పట్టి కనిపిస్తాయి. ఆ వేళకు వెళ్లి ఫొటోలు తీశాను, ఆ చోటుకు మాత్రమే మళ్లీ అచ్చు తీశాను. ఏమీ దొరకలేదు. వెళ్లిన ప్రతిసారీ ఎల్లమ్మ కంచె దగ్గర ఎదురు చూస్తూ ఉండేది. దొరకలేదని చెప్పడం నాకు కష్టంగా ఉండేది. ఆమె మాత్రం అన్నం తిని పొమ్మనేది.

మరుసటి ఏడు వానాకాలంలో సాయిలు ఫోన్ చేశాడు. ఎల్లమ్మ పోయిందని చెప్పాడు. చివరి నెలలో మంచం వాకిట్లో వేయించుకుని, పొలాల వైపు తిరిగి పడుకునేదట. ఆ రాయిని రోజుకో పేరు పెట్టి పిలిచేదట. లచ్చమ్మా అనేది, నర్సమ్మా అనేది, మల్లమ్మా అనేది. ఏం చేస్తున్నవత్తా అని అడిగితే, “ఏదో ఒకటి తగుల్తది గద, పలుకుతదేమో చూస్తున్న,” అన్నదట.

అంతకుముందు ఏ ఊరికి వెళ్లినా తిన్నగా రాయి దగ్గరికి నడిచేదాన్ని. పూజ చేసేవాళ్లతో, పట్వారీ ఇంటివాళ్లతో మాట్లాడి రాసుకునేదాన్ని. ఇప్పుడు బ్రష్ తడపకముందే ఆ రాయిని దూరం నుంచి చూసేవాళ్లు ఎవరున్నారో కనుక్కుంటాను. వాళ్ల పక్కన కూర్చుని, చిన్నప్పుడు ఎప్పుడైనా ముట్టారా అని అడుగుతాను.